భోజనబల్ల మీది వస్తువులకు ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవడం ఎలా?

ప్లేటు, స్పూను, గ్లాసు, కప్పు అనే మాటలు తెలుగులో ఎంతగా కలిసిపోయాయంటే, భోజనానికి వాడే వస్తువుల ఇంగ్లీషు పేర్లు విడిగా నేర్చుకోవలసినవేమీ కావని చాలామంది అనుకుంటారు. తీరా ఇంగ్లీషులో మాట్లాడవలసి వచ్చినప్పుడు తడబాటు వచ్చేది ఈ తెలిసిన మాటల దగ్గరే. ఒక మాట మన భాషలో స్థిరపడిన తరువాత దాని అర్థం మన వాడుకకు తగినట్టు మారిపోతుంది. స్టీలు గ్లాసు అని మనం ఏ సందేహమూ లేకుండా అంటాం. ఇంగ్లీషులో గ్లాస్ అంటే గాజు, లేదా గాజుతో చేసిన తాగే పాత్ర, కాబట్టి స్టీలుతో చేసినదాన్ని టంబ్లర్ అనో కప్ అనో అనాలి. మగ్గు అనగానే మనకు స్నానాల గది గుర్తుకు వస్తుంది. ఇంగ్లీషులో మగ్ అంటే కాఫీ, టీ వంటివి తాగడానికి వాడే, పిడి ఉన్న పెద్ద కప్పు.

అందుచేత పేర్ల పట్టికను పెట్టుకుని కంఠస్థం చేయడం ఇక్కడ అంతగా ఉపయోగపడదని నా అభిప్రాయం. ఒక్కొక్క వస్తువును చేతిలోకి తీసుకుని, అది ఏ పనికి ఉద్దేశించినది, దానితో పొరపడే అవకాశం ఉన్న మరో వస్తువు ఏది, దాని పేరు సాధారణంగా ఏ వాక్యంలో వస్తుంది అని చూసుకుంటూ పోతే, మాట అర్థంతోనూ వాడుకతోనూ కలిసి మనసులో నిలుస్తుంది. మరొక సంగతి కూడా ముందే చెప్పాలి. ఈ వ్యాసంలో తెలుగు వాడుకను స్పూను అని, ఇంగ్లీషు మాటను స్పూన్ అని రాస్తున్నాను. చివరి ఉకారాన్ని వదిలేసి హల్లు దగ్గరే ఆగిపోవడం ఇంగ్లీషు ఉచ్చారణలో మొదటి పాఠం. స్పూన్, ప్లేట్, ఫోర్క్, కప్ అని గట్టిగా పలికి, చివర ఏ అచ్చూ వినిపించడం లేదని నిర్ధారించుకోండి.

మొత్తాన్ని కలిపి చెప్పే పేర్లు

విడి వస్తువుల కంటే ముందు వాటిని గుంపులుగా చెప్పే మాటలు తెలుసుకోవడం మంచిది. భోజనబల్ల మీదికి వచ్చే వస్తువులన్నింటినీ కలిపి టేబుల్‌వేర్ అంటారు. అందులో పింగాణీ పళ్ళాలు, కప్పులు, గిన్నెల వంటివాటిని బ్రిటిష్ ఇంగ్లీషులో క్రాకరీ అంటారు. అమెరికన్లు వీటినే మామూలుగా డిషెస్ అనేస్తారు. కత్తులు, ఫోర్కులు, స్పూన్ల సమూహం బ్రిటిష్ వాడుకలో కట్లరీ. అమెరికాలో దీనినే సిల్వర్‌వేర్ అంటారు, అందులో వెండి ఇసుమంతైనా లేకపోయినా సరే. దుకాణాల్లోనూ వస్తువుల వివరణల్లోనూ ఫ్లాట్‌వేర్ అనే మాట కూడా కనిపిస్తుంది. గాజు పాత్రలన్నీ కలిపి గ్లాస్‌వేర్.

ఈ సమూహ నామాలకు బహువచనం ఉండదు. కట్లరీస్, క్రాకరీస్, సిల్వర్‌వేర్స్ అనే రూపాలు ప్రామాణిక ఇంగ్లీషులో లేవు. లెక్క చెప్పవలసి వస్తే ఎ పీస్ ఆఫ్ కట్లరీ, ఎ సెట్ ఆఫ్ కట్లరీ అనాలి. డిషెస్ మాత్రం దీనికి మినహాయింపు, ఎందుకంటే డిష్ అనేది లెక్కించదగిన మాట.

యుటెన్సిల్స్, వెసెల్స్ అనే రెండు మాటల విషయంలో మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. గిన్నెలు, బిందెలు, కుండలు మొదలైన పాత్రలన్నింటినీ యుటెన్సిల్స్ అనడం మనకు అలవాటు. ఇతర దేశాల ఇంగ్లీషులో యుటెన్సిల్ అంటే ప్రధానంగా చేతితో పట్టుకుని వాడే పనిముట్టు: తినడానికి వాడే స్పూన్, ఫోర్క్, నైఫ్ వంటివి ఈటింగ్ యుటెన్సిల్స్, వండడానికి వాడే గరిటె, అట్లకాడ వంటివి కిచెన్ యుటెన్సిల్స్. వండే గిన్నెలను పాట్స్ అండ్ ప్యాన్స్ అంటారు. వెసెల్ అన్న మాట వినగానే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఓడో రక్తనాళమో ముందు స్ఫురిస్తుంది; పాత్ర అనే అర్థం ఉన్నా అది గ్రాంథికమైన వాడుక. గిన్నెలు కడుగుతున్నాను అని చెప్పడానికి ఐయామ్ డూయింగ్ ద డిషెస్ అంటే ఎక్కడైనా అర్థమవుతుంది.

పళ్ళాలు, గిన్నెలు

భోజనానికి వాడే పెద్ద పళ్ళెం డిన్నర్ ప్లేట్. ఇది సాధారణంగా 10 నుంచి 11 అంగుళాల వ్యాసం ఉంటుంది. దానికంటే చిన్నదైన సలాడ్ ప్లేట్, ఇంకా చిన్నదైన సైడ్ ప్లేట్ లేదా బ్రెడ్ ప్లేట్ పరిమాణాన్ని బట్టే వేరుపడతాయి. కప్పు కింద పెట్టే చిన్న పళ్ళెం సాసర్. దాని మధ్యలో కప్పు అడుగు కదలకుండా కూర్చునేందుకు ఒక గుంట ఉంటుంది; చిన్న ప్లేట్ నుంచి సాసర్‌ను వేరు చేసే గుర్తు అదే. బల్ల మీద అందరికీ వడ్డించడానికి వంటకాన్ని పరచి పెట్టే వెడల్పాటి పళ్ళెం ప్లాటర్. వస్తువులను ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోయేది ట్రే. ప్లాటర్‌లో వంటకం నేరుగా ఉంటుంది, ట్రేలో కప్పులో గ్లాసులో ఉంటాయి.

ఒక ప్లేటును చేతిలోకి తీసుకుని నిదానంగా చూడండి. చుట్టూ ఉన్న అంచు రిమ్. మధ్యలో కాస్త లోతుగా, ఆహారం నిలిచే భాగం వెల్. తిప్పి చూస్తే బల్లకు ఆనే గుండ్రటి పట్టీ ఫుట్ లేదా ఫుట్ రింగ్. ఆ వెనుక భాగంలోనే తయారీదారు గుర్తు, పదార్థం పేరు, మైక్రోవేవ్ సేఫ్, డిష్‌వాషర్ సేఫ్ వంటి సూచనలు అచ్చు వేసి ఉంటాయి. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం ఆహారాన్ని తాకడానికి తగిన వస్తువుల మీద ఒక గ్లాసు, దాని పక్కన ఒక ఫోర్కు బొమ్మ ముద్రించే పద్ధతి ఉంది. ఆ బొమ్మ కనబడితే అది ఫుడ్ సేఫ్ అని అర్థం. ఇంగ్లీషు నేర్చుకునేవారికి ప్లేటు వెనుక భాగం మంచి చదువుపుస్తకం అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అక్కడి మాటలు తక్కువ, వస్తువు ఎదుటే ఉంటుంది, అర్థాన్ని వెంటనే పరీక్షించుకోవచ్చు.

గిన్నెను తెలుగులో బౌల్ అని రాస్తాం, అలాగే పలుకుతాం. ఇంగ్లీషు ఉచ్చారణ మాత్రం గోల్ అనే మాటకు ప్రాస కుదిరే బోల్. ఔను అనడంలోని ఔకారం అందులో వినిపించదు. సూప్ బోల్, సీరియల్ బోల్, సలాడ్ బోల్, సర్వింగ్ బోల్ అని ముందు పని పేరు చేర్చి వాడతారు. సూప్ ప్లేట్ అనేది వేరు; అది లోతు తక్కువగా, వెడల్పు ఎక్కువగా, అంచుతో ఉంటుంది. డిష్ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి: వడ్డించే పాత్ర ఒకటి, అందులోని వంటకం మరొకటి. దిస్ డిష్ ఈజ్ హాట్ అన్నప్పుడు పాత్ర కాలుతున్నదో, వంటకం వేడిగా ఉన్నదో, కారంగా ఉన్నదో సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

తాగే పాత్రలు

కప్ చిన్నది, పిడి ఉన్నది, చాలాసార్లు సాసర్‌తో కలిసి వచ్చేది. మగ్ నిటారుగా, మందంగా, సాసర్ అవసరం లేకుండా ఉంటుంది. టంబ్లర్‌కు పిడీ కాడా ఉండవు, అడుగు చదునుగా ఉంటుంది. కాడ ఉన్న గ్లాసులో తాగే ద్రవం నిలిచే పైభాగాన్ని బోల్ అని, కాడను స్టెమ్ అని, కింద ఆనే భాగాన్ని బేస్ లేదా ఫుట్ అని అంటారు. అటువంటి పాత్రకు గాబ్లెట్ అనే పేరు కూడా ఉంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటి ఉంది. ఎ టీకప్ అంటే టీ తాగే కప్పు, అది ఖాళీగా ఉండవచ్చు. ఎ కప్ ఆఫ్ టీ అంటే కప్పు నిండా ఉన్న టీ. తాగడానికి టీ కావలసినవారు ఐ వాంట్ ఎ టీకప్ అంటే ఖాళీ కప్పు చేతికి వస్తుంది. ఎ వైన్ గ్లాస్, ఎ గ్లాస్ ఆఫ్ వైన్. ఎ సూప్ బోల్, ఎ బోల్ ఆఫ్ సూప్. ఇవన్నీ ఇదే సూత్రం మీద నడుస్తాయి. పాత్ర పేరు చివర వస్తే మాట పాత్ర గురించి, ఆఫ్ మధ్యలో వస్తే మాట అందులోని పదార్థం గురించి. ఈ ఒక్క జతను బాగా అలవాటు చేసుకుంటే హోటల్లో అడిగేటప్పుడు వచ్చే సగం ఇబ్బంది తొలగిపోతుంది.

గ్లాసెస్ అనే బహువచనానికి కళ్ళద్దాలు అనే అర్థం కూడా ఉంది కాబట్టి, సందర్భం స్పష్టంగా లేనప్పుడు వాటర్ గ్లాసెస్ లేదా డ్రింకింగ్ గ్లాసెస్ అనడం మంచిది.

నీళ్ళు వంచుకునే, పిడీ మూతీ ఉన్న కూజా బ్రిటిష్ ఇంగ్లీషులో జగ్, అమెరికన్ ఇంగ్లీషులో పిచర్. అమెరికన్లు జగ్ అంటే సన్నని మెడ, బిరడా ఉన్న పెద్ద డబ్బా వంటిదాన్ని ఉద్దేశిస్తారు. కెటిల్‌లో నీళ్ళు మరుగుతాయి, టీపాట్‌లో ఆ మరిగిన నీళ్ళలో టీ ఆకు నానుతుంది. రెండింటికీ మూతి, పిడి ఉండడం వలన ఒకదాని పేరు ఇంకొకదానికి పెడుతుంటారు. ఆ మూతిని స్పౌట్ అని, పైన పెట్టే మూతను లిడ్ అని అంటారు. సీసాకు మర తిప్పి బిగించే మూత అయితే క్యాప్.

స్పూన్లు, ఫోర్కులు, కత్తులు

ఈ పదజాలం మొత్తంలో పొరపాటు వలన నిజంగా నష్టం కలిగించగలిగేవి స్పూన్ల పేర్లే. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, డిజర్ట్ స్పూన్ అంటే సుమారు 10 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో మాత్రం టేబుల్‌స్పూన్ 20 మిల్లీలీటర్లు. వంటల పుస్తకాల్లో వీటిని పొట్టిగా టీఎస్‌పీ, టీబీఎస్‌పీ అని రాస్తారు. మధ్యలో బీ అనే అక్షరం ఉంటే అది పెద్ద స్పూను. దాన్ని గమనించకపోతే ఉప్పు మూడింతలు తగ్గుతుంది లేదా పెరుగుతుంది. లెవెల్ టీస్పూన్ అంటే అంచుకు సమంగా, హీప్డ్ టీస్పూన్ అంటే గుట్టగా. మందు సీసా మీద టీస్పూన్ అని ఉన్నప్పుడు ఇంట్లోని ఏదో ఒక చిన్న స్పూనుతో కాక, మందుతో పాటు వచ్చే కొలత పాత్రతోనే తీసుకోవాలి. ఇంటి స్పూన్లు ఒక్కొక్కటి ఒక్కొక్క పరిమాణంలో ఉంటాయి. స్పూను నిండా అని చెప్పే మాట స్పూన్‌ఫుల్, దాని బహువచనం స్పూన్‌ఫుల్స్.

డిజర్ట్ అనే మాటను గురించి ఒక ముక్క చెప్పాలి. భోజనం చివర తినే తీపి పదార్థానికి రెండో అక్షరం మీద ఊనిక పెట్టి డి-జర్ట్ అని పలకాలి. స్పెల్లింగులో మధ్య ఎస్ అక్షరం రెండుసార్లు వస్తుంది. ఒకే ఎస్ ఉండి, మొదటి అక్షరం మీద ఊనికతో పలికేది ఎడారి.

వడ్డించే పెద్ద స్పూన్ సర్వింగ్ స్పూన్. లోతైన గుండ్రని తల, పొడవైన కాడ ఉన్న గరిటె లేడిల్. ద్రవాలకు లేడిల్, గట్టి పదార్థాలకు సర్వింగ్ స్పూన్ అని గుర్తుపెట్టుకోవచ్చు. పటకారు వంటి టాంగ్స్ ఎప్పుడూ బహువచనంలోనే ఉంటుంది: ఎ పెయిర్ ఆఫ్ టాంగ్స్. చాప్‌స్టిక్స్‌ను కూడా జతగానే వాడతారు కాబట్టి ఎ పెయిర్ ఆఫ్ చాప్‌స్టిక్స్ అంటారు, అయితే ఒక పుల్ల పడిపోతే ఎ చాప్‌స్టిక్ అనవచ్చు.

ఫోర్క్ ముళ్ళను టైన్స్ లేదా ప్రాంగ్స్ అంటారు. నైఫ్‌లో మొదటి అక్షరమైన కే పలకదు. బహువచనంలో చివరి శబ్దం మారి నైవ్జ్ అవుతుంది. నైఫ్స్ అనే రూపం లేదు. పట్టుకునే భాగం హ్యాండిల్, కోసే పలక బ్లేడ్, దాని పదునైన అంచు ఎడ్జ్. పదును పోయిన కత్తిని బ్రిటిష్ వారు బ్లంట్ అని, అమెరికన్లు డల్ అని అంటారు. భోజనానికి వాడేది టేబుల్ నైఫ్, వెన్న పూసేందుకు గుండ్రని కొనతో ఉండేది బటర్ నైఫ్, మాంసం కోసేందుకు పదునుగా ఉండేది స్టేక్ నైఫ్. స్టేక్‌ను స్టీక్ అని పలకకూడదు. అది కేక్‌కు ప్రాస.

పాశ్చాత్య పద్ధతిలో బల్ల సర్దేటప్పుడు ఫోర్కులు ప్లేటుకు ఎడమవైపున, కత్తులు, వాటి పక్కన స్పూన్లు కుడివైపున ఉంటాయి. కత్తి పదును ప్లేటు వైపుకు తిరిగి ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగులో ఫోర్క్, లెఫ్ట్ అనే మాటలకు నాలుగేసి అక్షరాలు, నైఫ్, స్పూన్, రైట్ అనే మాటలకు ఐదేసి అక్షరాలు ఉన్నాయి. స్పెల్లింగు, స్థానం రెండూ ఒక్కసారే గుర్తుండిపోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

బల్ల మీద మిగిలినవి

తుడుచుకునే గుడ్డ లేదా కాగితం నాప్కిన్; బ్రిటన్‌లో సర్వియెట్ అని కూడా అంటారు. బల్ల మీద పరిచేది టేబుల్‌క్లాత్, ఒక్కొక్కరి ముందు పరిచేది ప్లేస్‌మ్యాట్, గ్లాసు కింద పెట్టేది కోస్టర్, వేడి గిన్నె కింద పెట్టేది ట్రివెట్. ఉప్పు చల్లేది సాల్ట్ షేకర్, మిరియాలు పొడి చేసేది పెపర్ మిల్. తాగే గొట్టం స్ట్రా, పళ్ళు కుట్టుకునే పుల్ల టూత్‌పిక్.

పదార్థాల పేర్లలో చైనా అంటే దేశమే కాక పింగాణీ సామాను కూడా. ఆ అర్థంలో చిన్న అక్షరంతో మొదలుపెట్టి రాస్తారు. పోర్సెలిన్ మెరుగైన పింగాణీ, బోన్ చైనాలో ఎముకల బూడిద కలుస్తుంది, స్టోన్‌వేర్ మందంగా, బరువుగా ఉంటుంది. మెలమిన్ చూడడానికి పింగాణీలా ఉన్నా ప్లాస్టిక్ రకం, దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో 1913లో హ్యారీ బ్రేర్లీ తయారుచేసిన తుప్పుపట్టని ఉక్కు తొలి రోజుల్లోనే కట్లరీకి ఉపయోగపడింది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్పూన్ల మీద కనిపించే 18/10 అనే అంకెలకు సుమారు 18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్ అని అర్థం. ఒక్కసారి వాడి పారేసేవి డిస్పోజబుల్, మళ్ళీ మళ్ళీ వాడగలిగేవి రీయూజబుల్.

మాటలను వాక్యాల్లో పెట్టడం

పేరు తెలిసినంత మాత్రాన వాడుక రాదు. దాని ముందు వచ్చే చిన్న మాటలే వాక్యాన్ని నిలబెడతాయి. తెలుగులో పళ్ళెంలో అన్నం, గిన్నెలో సూప్ అని రెండు చోట్లా ఒకే విభక్తి వాడతాం. ఇంగ్లీషులో ప్లేట్ చదునైనది కనుక ఆన్ ద ప్లేట్, బోల్ లోతైనది కనుక ఇన్ ద బోల్. స్పూనుతో తినడం ఈట్ విత్ ఎ స్పూన్, చేత్తో తినడం ఈట్ విత్ యువర్ హ్యాండ్స్. ఇక్కడ బై రాదు. గ్లాసులోంచి తాగడం డ్రింక్ ఫ్రమ్ ఎ గ్లాస్.

ఏదైనా కావాలని అడిగేటప్పుడు గివ్ మీ అనడం తప్పు కాకపోయినా మొరటుగా వినిపిస్తుంది. తెలుగులో ఇవ్వండి అనే క్రియలోనే మర్యాద ఇమిడి ఉంది. ఇంగ్లీషులో దాన్ని కుడ్, ప్లీజ్ అనే మాటలతో తేవాలి. కుడ్ ఐ హ్యావ్ అనదర్ స్పూన్, ప్లీజ్? అంటే ఇంకో స్పూను ఇస్తారా అని. ఎదుటివారి దగ్గర ఉన్న ఉప్పు కావాలంటే కుడ్ యు పాస్ ద సాల్ట్, ప్లీజ్? అనాలి. స్పూను శుభ్రంగా లేదని అనదర్ అని మాత్రమే అంటే, రెండోది అదనంగా కావాలేమోనని ఎదుటివారు అనుకోవచ్చు. కుడ్ ఐ హ్యావ్ ఎ క్లీన్ స్పూన్, ప్లీజ్? అంటే విషయం తేటతెల్లమవుతుంది. ఫోర్కు కింద పడితే ఐ హ్యావ్ డ్రాప్డ్ మై ఫోర్క్.

వస్తువు బాగా లేదని చెప్పడానికి బ్రోకెన్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోనవసరం లేదు. అంచు పెచ్చు ఊడితే చిప్డ్, పగులు గీత కనబడితే క్రాక్డ్, ఫోర్కు వంగితే బెంట్, మరక పడితే స్టెయిన్డ్. దిస్ గ్లాస్ ఈజ్ క్రాక్డ్ అని చెప్పగలగడం భాషకే కాదు, పెదవులకూ అవసరం.

అభ్యాసం కోసం ప్రతి భోజనాన్నీ వాడుకోవచ్చు. బల్ల సర్దడం బ్రిటిష్ వాడుకలో లే ద టేబుల్, అమెరికన్ వాడుకలో సెట్ ద టేబుల్. వస్తువును పెట్టేటప్పుడు పేరు ఒక్కటే పలకకుండా, ఐయామ్ పుటింగ్ ద ఫోర్క్ ఆన్ ద లెఫ్ట్ అని పూర్తి వాక్యం పైకి అనండి. మొదట రోజూ చేతికి వచ్చే ఐదారు వస్తువులతో మొదలుపెట్టి, అవి తడుముకోకుండా వచ్చిన తరువాతే ట్రివెట్, ప్లాటర్ వంటివాటికి వెళ్ళండి. ఇంట్లో ఎన్నడూ వాడని వస్తువు పేరును ముందుగా నేర్చుకుంటే అది నిలవదు.

తిన్న తరువాత బల్ల మీదివి తీసేయడం క్లియర్ ద టేబుల్. గిన్నెలు కడగడాన్ని బ్రిటన్‌లో వాష్ అప్ అంటారు. అమెరికాలో అదే మాటకు చేతులు, ముఖం కడుక్కోవడం అని అర్థం, కాబట్టి రెండు చోట్లా చెల్లే వాష్ ద డిషెస్ అనడం క్షేమం. నీళ్ళతో తొలపడం రిన్స్, గుడ్డతో తుడిచి ఆరబెట్టడం డ్రై, ఒకదాని మీద ఒకటి పేర్చడం స్ట్యాక్. కడిగినవి నీరు ఓడేందుకు డిష్ ర్యాక్‌లో ఉంచి, ఆరిన తరువాత ప్లేట్లను కబర్డ్‌లోనూ కట్లరీని డ్రాయర్‌లోనూ సర్దితే, ఆ చివరి పనిని పుట్ అవే అంటారు. కబర్డ్ అనే మాట స్పెల్లింగులో కప్, బోర్డ్ రెండూ కనిపిస్తాయి కాని, పీ అక్షరం పలకదు.